మిల్ చేసిన ఉద్యోగాన్ని కూడా పాఠంలో రాయండి

పాశ్చాత్య రాజనీతి తత్వంపై తెలుగులో డిగ్రీ, పీజీ పాఠ్యగ్రంథాలు తయారుచేసే సంపాదక వర్గాలకు, రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యప్రణాళిక సంఘాల సభ్యులకు

గౌరవనీయులైన పెద్దలకు నమస్కారాలు.

రాయలసీమలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు మాధ్యమం విద్యార్థులకు రాజనీతిశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుణ్ని. ప్లేటోతో మొదలై మార్క్స్‌తో ముగిసే పేపరును దాదాపు ప్రతి ఏడాదీ నేనే చెప్పాను. ఈ లేఖకు కారణం ఆ తరగతిలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న. జాన్ స్టూవర్ట్ మిల్ స్వేచ్ఛా సిద్ధాంతం చెప్పిన వారం రోజులకు ఆమె గ్రంథాలయం నుంచి ‘ఆన్ లిబర్టీ’ ఇంగ్లీషు ప్రతి తీసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని మొదటి అధ్యాయం చదివి, ఒక పేరా పక్కన పెన్సిలుతో గీత గీసుకుని వచ్చింది. “సార్, ఈయన చెప్పిన స్వేచ్ఛ మనకు వర్తించదని ఇక్కడ ఆయనే రాశాడు. మీరు చెప్పలేదేం?” అని అడిగింది. నేను దాచిపెట్టలేదు, నాకు తెలియదు. నేను చదువుకున్న పాఠ్యగ్రంథంలో ఆ పేరా లేదు, మా గురువులు చెప్పిన నోట్సులో లేదు, ఏళ్ల తరబడి నేను దిద్దిన జవాబు పత్రాల్లో ఒక్కదానిలోనూ లేదు.

ఆ పేరా సారాంశం ఇది. ఇతరులకు హాని కలగకుండా ఆపడానికి తప్ప ఒక మనిషి స్వేచ్ఛలో జోక్యం చేసుకునే అధికారం సమాజానికి లేదని సూత్రీకరించిన వెంటనే మిల్ దానికి ఒక హద్దు గీస్తాడు. ఈ సూత్రం పరిణతి చెందిన మనుషులకే గాని పిల్లలకు వర్తించదంటాడు. ఆ వెనువెంటనే, జాతి మొత్తానికే మైనారిటీ, అంటే బాల్యదశ, తీరని వెనుకబడిన సమాజాలను కూడా ఈ చర్చ నుంచి తప్పించవచ్చంటాడు. అనాగరికులను పాలించేటప్పుడు, వారిని బాగుచేయడమే లక్ష్యమై, అనుసరించే మార్గం ఆ లక్ష్యాన్ని నిజంగా నెరవేరుస్తుంటే, నిరంకుశత్వం న్యాయసమ్మతమైన పాలనా పద్ధతేనని నిర్ద్వంద్వంగా రాస్తాడు. స్వేచ్ఛగా, సమానంగా చర్చించుకుని మెరుగుపడే దశ వచ్చేదాకా అటువంటి ప్రజలకు మిగిలింది ఒక అక్బరుకో షార్లమేన్‌కో మారుమాట లేకుండా లోబడి ఉండటమే, అదీ అటువంటివాడు దొరికే అదృష్టం ఉంటేనే అంటాడు. ఇంగ్లండులో స్వేచ్ఛ గురించి రాసిన పుస్తకంలోకి అక్బరు ఎందుకు వచ్చాడు? దానికి జవాబు మిల్ జీతం పుచ్చుకున్న చోట ఉంది.

మన పాఠ్యగ్రంథాల్లో మిల్ జీవిత విశేషాలు ఒక పేరా ఉంటాయి. మూడేళ్లకే గ్రీకు నేర్చుకున్నాడని, 1865 నుంచి 1868 వరకు పార్లమెంటు సభ్యుడిగా ఉన్నాడని, స్త్రీల ఓటుహక్కు కోసం వాదించాడని ఉంటుంది. ఇవన్నీ నిజాలే, చెప్పవలసినవే. అయితే ఆయన బతుకులో సగానికి పైగా కాలాన్ని తీసుకున్న ఉద్యోగం గురించి నేను చూసిన పుస్తకాల్లో ఒక్క వాక్యం లేదు. మిల్ 1823లో, తన పదిహేడో ఏట, లండన్‌లో లెడెన్‌హాల్ వీధిలోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలో, తండ్రి జేమ్స్ మిల్ కింద గుమాస్తాగా చేరాడు. 1858 వరకు, అంటే 35 ఏళ్లు, అక్కడే పనిచేశాడు. ఆయన ప్రధానంగా పనిచేసినది దేశీయ సంస్థానాలతో, అంటే హైదరాబాదు వంటి రాజ్యాలతో, కంపెనీ జరిపే వ్యవహారాలను చూసే రాజకీయ శాఖ. అక్కడి నుంచి భారతదేశానికి వచ్చిన ఉత్తర్వుల్లో సుమారు 1,700 ఆయన చిత్తు రాసినవే. 1856లో, ఒకప్పుడు తండ్రి చేసిన అత్యున్నత పదవికే చేరాడు. 1857 తిరుగుబాటు తర్వాత పాలనను కంపెనీ చేతుల నుంచి తీసేయాలని పార్లమెంటు తలపెట్టినప్పుడు, కంపెనీ తరఫున దాన్ని వ్యతిరేకిస్తూ విన్నపం రాసినది కూడా మిల్లే. కంపెనీ పోయింది, ఏడాదికి 1,500 పౌండ్ల పింఛనుతో ఆయన విశ్రాంతి తీసుకున్నాడు, కంపెనీ బాధ్యతలన్నీ చట్టప్రకారం భారతదేశ రాబడి మీద పడ్డాయి. ‘ఆన్ లిబర్టీ’ ఆ మరుసటి ఏడాది, 1859లో, అచ్చయింది.

ఈ ఒక్క పేరా చేర్చితే పాఠం మొత్తం అర్థమే మారుతుంది. స్వేచ్ఛ గురించి రాసిన తత్వవేత్త ఒకరు, పరాయి దేశాన్ని పాలించిన ఉద్యోగి మరొకరు కారు. ఒకే మనిషి, ఒకే చేతిరాత. పగలు ఉత్తర్వులు రాసిన అనుభవం నుంచే ఆ మినహాయింపు పుట్టిందని, ఆ మినహాయింపు లేకుండా ఆ సూత్రాన్ని ఆయన అంత ధీమాగా చెప్పగలిగేవాడు కాడని నేను నమ్ముతున్నాను. 1861లో వచ్చిన ప్రాతినిధ్య ప్రభుత్వ గ్రంథంలో ఈ విషయం ఇంకా స్పష్టంగా ఉంది. కెనడా, ఆస్ట్రేలియా వంటి చోట్ల స్థిరపడిన తన జాతివారికి స్వపరిపాలన ఉండాలని చెప్పే అధ్యాయంలోనే, భారతదేశం వంటి దేశాన్ని ఎలా పాలించాలనే ప్రశ్నకు ప్రాతినిధ్యంతో నిమిత్తం లేని వేరే జవాబు ఇస్తాడు. పుస్తకం పేరు మోసే సూత్రం ఒకరికి, చివరి అధ్యాయం మరొకరికి. మన విద్యార్థులు ఆ మరొకరి సంతానం. వారి చేత మొదటి సగమే చదివించి పరీక్ష పెడుతున్నాం.

‘మైనారిటీ’ అనే మాట దగ్గర కొంచెంసేపు ఆగాలి. కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అంటే ఏమిటో కోస్తా జమీందారీ గ్రామాల పెద్దలు వినే ఉంటారు. జమీందారు వారసుడు మైనరైతే ఎస్టేటును సర్కారు తన ఆధీనంలోకి తీసుకుని, మైనారిటీ తీరేదాకా నడిపేది. అక్కడ మైనారిటీ తీరే వయస్సు చట్టంలో రాసి ఉండేది. కుర్రవాడు పెద్దవాడయ్యాక ఎస్టేటు తిరిగి అప్పగించక తప్పదు. జాతులకు మిల్ చెప్పిన మైనారిటీకి అటువంటి వయస్సు ఎక్కడా రాసి లేదు. వార్డు ఎప్పుడు పెద్దవాడయ్యాడో తేల్చేది సంరక్షకుడే, తేల్చేదాకా ఎస్టేటు రాబడి నుంచి జీతం తీసుకునేదీ సంరక్షకుడే. ఈ తర్కం మిల్‌తో ఆగలేదు. 1919 నానాజాతి సమితి ఒడంబడిక 22వ అధికరణం, ఆధునిక ప్రపంచపు కఠిన పరిస్థితుల్లో ఇంకా తమ కాళ్ల మీద తాము నిలబడలేని ప్రజల సంక్షేమం నాగరికత మీద ఉన్న పవిత్ర బాధ్యత అని ప్రకటించి, ఇరాక్‌ను, పాలస్తీనాను బ్రిటన్ చేతిలో, సిరియాను, లెబనాన్‌ను ఫ్రాన్సు చేతిలో పెట్టడానికి దారి చేసింది. అదే ఏర్పాటు కింద దక్షిణాఫ్రికాకు అప్పగించిన నమీబియా స్వతంత్రమైంది 1990లో. 1949లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ‘వెనుకబడిన ప్రాంతాలు’ అని ప్రపంచంలో అధిక భాగానికి పెట్టిన పేరు తర్వాత ‘అభివృద్ధి చెందుతున్న దేశాలు’గా మారింది. మాట మెత్తబడింది గాని, పెద్దయ్యే పరీక్ష పెట్టేది ఎవరన్న సంగతి మారలేదు. అంతర్జాతీయ ద్రవ్య నిధిలో ముఖ్యమైన నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. ఒక్క అమెరికా చేతిలోనే 15 శాతానికి మించి ఓట్లున్నాయి. ఈ వరుస మిల్ పాఠంలోనే చెప్పదగినది. అంతర్జాతీయ సంబంధాల పేపరులో దీన్ని విడిగా చెబితే, విద్యార్థికి సిద్ధాంతం ఒక గదిలో, అధికారం ఇంకో గదిలో కనిపిస్తాయి.

జాన్ లాక్ పాఠం పరిస్థితీ ఇంతే. జీవించే హక్కు, స్వేచ్ఛ, ఆస్తి అనే మూడు సహజ హక్కులను విద్యార్థులు అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతారు. అమెరికాలోని కరోలినా వలస యజమానులకు లాక్ కార్యదర్శిగా పనిచేశాడని, 1669 నాటి ఆ వలస రాజ్యాంగ ముసాయిదాలో ఆయన చేయి ఉందని, అందులో ప్రతి స్వతంత్ర పౌరుడికీ తన నీగ్రో బానిసల మీద సంపూర్ణాధికారం ఉంటుందనే నిబంధన ఉందని మనం చెప్పం. ఆ నిబంధనలో ఆయన పాలు ఎంత అన్నది పండితుల మధ్య ఇప్పటికీ వాదంగానే ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చి అమ్మిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో ఆయన వాటాలు కొన్నాడన్నదానిలో మాత్రం వాదం లేదు. బానిసత్వం అత్యంత నీచమైన స్థితి అనే మాటతో తన మొదటి ప్రభుత్వ వ్యాసాన్ని ప్రారంభించినవాడూ ఆయనే. 1689లో అచ్చయిన రెండో వ్యాసంలో ఆస్తికి ఆయన చెప్పిన ఆధారం శ్రమ: నేలతో తన శ్రమను కలిపినవాడిది ఆ నేల. ఆ వాదానికి ఆయన పదేపదే తెచ్చుకున్న ఉదాహరణ అమెరికా. దున్ని కంచె వేయని ఆ నేల అంతా ఆయన దృష్టిలో బీడు, అక్కడ తరతరాలుగా వేటాడి, సేకరించి, మార్చి మార్చి సాగుచేసుకుని బతికినవారు దానికి యజమానులు కారు. లాక్‌కూ మన మన్యానికీ నేరుగా ముడి ఉందని నేను అనడం లేదు. కాని స్థిరంగా నాగలి కింద లేని నేలకు సొంతదారు లేడనే ఆలోచన ఒకసారి పాలకుల బుద్ధిలో స్థిరపడ్డాక, 1882 మద్రాసు అటవీ చట్టం నాటికి పోడు కొట్టుకునేవాడు తన కొండ మీద తానే దొంగగా మారడం వింతగా తోచదు. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గూడేల బాధల్లో ఈ పోడు ఆంక్షలు ముందు వరుసలో ఉన్నాయి. పాడేరు నుంచో, రంపచోడవరం నుంచో వచ్చి మన కళాశాలలో కూర్చున్న పిల్లవాడికి లాక్ ఆస్తి సిద్ధాంతాన్ని ‘బంజరు’ అనే మాట ఎత్తకుండా చెప్పడం వాడికి అన్యాయం.

జ్ఞానం గురించి ఇంకొంచెం విపులంగా రాయాలి, ఎందుకంటే ఇక్కడ మన తెలుగువారే ఉన్నారు. జేమ్స్ మిల్ 1817లో మూడు సంపుటాల బ్రిటిష్ ఇండియా చరిత్ర ప్రచురించాడు. ఆయన ఎప్పుడూ భారతదేశానికి రాలేదు, ఇక్కడి భాష ఒక్కటీ రాదు. అది లోపం కాదని ముందుమాటలో ఆయనే వాదించాడు: ఇక్కడ జీవితకాలమంతా కళ్లతో చూసి చెవులతో విని తెలుసుకోగలిగినదానికంటే, ఇంగ్లండులో తన గదిలో కూర్చుని ఒక్క ఏడాదిలో ఎక్కువ తెలుసుకోవచ్చట. ఆ పుస్తకం ఆధారంగానే 1819లో ఆయనకు కంపెనీ ఉద్యోగం వచ్చింది. కంపెనీ అధికారులయ్యే యువకుల చదువులో అది భాగమైంది. హిందూ యుగం, ముస్లిం యుగం, బ్రిటిష్ యుగం అనే విభజన మన పాఠశాలల దాకా పాకింది. చూసినవాడి సాక్ష్యం వట్టి సమాచారం, దూరం నుంచి తీర్పు చెప్పేవాడిదే శాస్త్రం అనే ఈ నమ్మకాన్ని ఒక వ్యక్తి అహంకారంగా తీసేయలేం. పని విభజనే దాని మీద నడిచింది.

జేమ్స్ మిల్ పుస్తకానికి ఒక ఏడాది ముందు, 1816లో, మద్రాసులో ఇంకొక పుస్తకం అచ్చయింది: క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం. దానికి మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ రాసిన పీఠికలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబానికి చెందినదని ధాతువులను పక్కపక్కన పెట్టి నిరూపించాడు. భారతీయ భాషలన్నింటికీ సంస్కృతమే తల్లి అని కలకత్తా పండిత ప్రపంచం నమ్ముతున్న రోజులవి. ఆ నిరూపణకు సామగ్రి ఎక్కడిది? ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాలలో పనిచేసిన పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టిక నుంచి, ‘ఆంధ్రదీపిక’ నిఘంటువు రాసిన మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య నుంచి. తత్సమ, తద్భవ, దేశ్య విభజన మన వ్యాకర్తలకు అప్పటికే శతాబ్దాల పాత సంగతి. ఎల్లిస్ మట్టుకు వారి పేర్లను నిజాయతీగా ఉదహరించాడు. 1856లో మిషనరీ రాబర్ట్ కాల్డ్‌వెల్ తులనాత్మక వ్యాకరణం వచ్చాక, లోకానికి ద్రావిడ భాషా కుటుంబాన్ని కనుగొన్నవాడుగా ఆయన పేరే మిగిలింది. ఎల్లిస్ పేరే మరుగున పడిందంటే, ఇక పట్టాభిరామశాస్త్రి పేరు తెలిసిన తెలుగు పట్టభద్రులు ఎందరుంటారు?

కావలి సోదరుల కథ దీనికంటె బాధాకరం. కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ సేకరించిన శాసనాలు, కైఫీయతులు (గ్రామ చరిత్రలు), వ్రాతప్రతుల వెనుక పనిచేసినవారు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. పాత కన్నడ లిపి శాసనాలను చదివిన బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించాడు. 1821లో మెకంజీ పోయాక, తాను దశాబ్దాలపాటు నడిపిన ఆ పనిని కొనసాగించే అవకాశం ఇమ్మని లక్ష్మయ్య కోరాడు. ఆ ప్రతిపాదన కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ముందుకు వెళ్లినప్పుడు, మరుసటి ఏడాది బ్రాహ్మీ లిపిని చదివి కీర్తి పొందబోతున్న జేమ్స్ ప్రిన్సెప్ 1836లో ఇచ్చిన అభిప్రాయం ఏమిటంటే: ఇటువంటి పనికి లక్ష్మయ్య అర్హతలే కాదు, ఏ దేశీయుడి అర్హతలూ సరితూగవు, అయితే సహాయకులుగా వారు ఉపయోగపడవచ్చు. ఆధునిక జ్ఞానం తయారైన తీరును ఇంతకంటె స్పష్టంగా ఏ సిద్ధాంత గ్రంథమూ చెప్పలేదు. గుర్రాల మీద, కాలినడకన ఊరూరూ తిరిగి కరణాల ఇళ్లలో కూర్చుని సేకరించినవాడు సహాయకుడు. ఆ కాగితాలకు పట్టిక వేసినవాడు పండితుడు. మన పీహెచ్‌డీ విద్యార్థులు ఈ రోజుకీ తమ ఊరి విషయాన్ని ‘డేటా’గా, పారిస్‌లోనో న్యూయార్క్‌లోనో పుట్టిన సిద్ధాంతాన్ని ‘ఫ్రేమ్‌వర్క్’గా రాస్తున్నారంటే, ఆ తీర్పు ఇంకా అమలులో ఉందన్నమాటే.

ఆలోచనలు కాగితం మీద ఉండిపోతే ఈ లేఖ ఇంత ఆవేదనతో రాయనక్కర్లేదు. థామస్ మాల్థస్ 1805 నుంచి 1834లో మరణించేదాకా కంపెనీ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యుడు. జనాభా సిద్ధాంతం చెప్పినప్పుడు ఈ సంగతి చెబుతున్నామా? అదే హెయిలీబరీ కళాశాలలో చదివిన చార్లెస్ ట్రెవెలియన్ జీవితం ఒక్కటి చాలు, ఈ విషయమంతా విద్యార్థికి అర్థం కావడానికి. కంపెనీ ఉద్యోగిగా భారతదేశంలో పనిచేసి, మెకాలే చెల్లెలిని పెళ్లాడి, లండన్ చేరి, 1840లలో ఐర్లండు కరువు సహాయాన్ని ఖజానా తరఫున నడిపాడు; మార్కెట్టులో జోక్యం చేసుకోరాదనే పట్టుదల ఆ సహాయాన్ని ఎంత కుదించిందో, అక్కడ సుమారు 10 లక్షల మంది చనిపోవడంలో దాని పాలు ఎంతో ఐర్లండు ప్రజలు ఇప్పటికీ మరిచిపోలేదు. 1854లో బ్రిటిష్ సివిల్ సర్వీసును పోటీ పరీక్షల పునాది మీద పెట్టాలని సిఫారసు చేసిన ప్రసిద్ధ నివేదిక మీద సంతకం చేసిన ఇద్దరిలో ఆయన ఒకరు. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. ప్రభుత్వ పాలనాశాస్త్రం పేపరులో ఆ నివేదిక పేరు మాత్రమే వస్తుంది. భారతదేశ ఉద్యోగాలకు బహిరంగ పోటీ పరీక్ష 1855లోనే మొదలైందని, బ్రిటన్ సొంత శాఖల్లో అది సాధారణ నియమం కావడానికి 1870 దాకా పట్టిందని చెబితే, ఆధునిక రాజ్యం ఐరోపాలో తయారై ఇక్కడికి దిగుమతి అయిందనే నమ్మకం సడలుతుంది. వేలిముద్రల సంగతీ అంతే: నేరస్థులను గుర్తించే వేలిముద్రల కార్యాలయం కలకత్తాలో 1897లో మొదలైంది, అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ దానికి వర్గీకరణ పద్ధతి రూపొందించడంలో పనిచేశారు, స్కాట్లండ్ యార్డుకు ఆ పద్ధతి చేరింది 1901లో, వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు మీద.

ఇక ధాత కరువు. 1876లో వానలు పోయాక బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల్లో ఏమి జరిగిందో మా ప్రాంతంలో ముసలివాళ్ల మాటల్లో నా చిన్నప్పటిదాకా బతికే ఉంది. అధికారులు చదువుకున్న ఆడమ్ స్మిత్ పుస్తకంలో, కొరతను తప్పుడు పద్ధతులతో సరిచేయబోయే ప్రభుత్వ బలప్రయోగం వల్ల తప్ప క్షామం మరే కారణంతోనూ రాలేదనే వాక్యం ఉంది. ఈస్టిండియా కంపెనీని తీవ్రంగా దుయ్యబట్టినవాడు స్మిత్. ఆయన ఈ దేశపు ఆకలిచావులను కోరుకోలేదు. కాని ఆ వాక్యం అధికారుల చేతిలో వేదవాక్యమైంది. ధరలు తగ్గించే ఉద్దేశంతో ప్రభుత్వం ధాన్యం వ్యాపారంలో జోక్యం చేసుకోరాదని వైస్రాయ్ లిట్టన్ పట్టుబట్టాడు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు జరిగింది. ఆ నెలలోనే భారత ప్రభుత్వ కరువు ప్రతినిధిగా మద్రాసుకు వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో రోజంతా మట్టి మోసే మగవాడికి దినానికి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల, ధాన్యానికి సరిపడే డబ్బు, దానిపైన ఒక అణా చాలునని కూలీ తగ్గించాడు. ఇదే టెంపుల్ 1874లో బీహారులో బర్మా బియ్యం తెప్పించి చావులు దాదాపు లేకుండా ఆపినవాడు. అందుకు మెప్పు రాకపోగా అతిగా ఖర్చు చేశాడని నిందపడ్డాడు, మద్రాసులో ఆ నింద తుడుచుకున్నాడు. మద్రాసు ఆరోగ్య శాఖాధికారి కార్నిష్ ఈ కూలీ మనిషిని బతికించడానికి చాలదని గట్టిగా వాదించాడు. దక్షిణాదిలో ఆ రెండేళ్లలో పోయిన ప్రాణాలకు ఉన్న అంచనాలు 55 లక్షల నుంచి 80 లక్షల పైచిలుకు దాకా ఉన్నాయి. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఆ కరువు కూలీలు తవ్వినదే. కాలువకు పెట్టింది నాటి గవర్నరు పేరు.

నాకు రాగల ఆక్షేపణలు తెలుసు. వారు ఆ కాలపు మనుషులు, ఈ కాలపు కొలబద్దతో కొలవకూడదు అంటారు. కార్నిష్ కూడా ఆ కాలపు మనిషే. బెంగాల్ గవర్నరు జనరల్‌గా పనిచేసిన వారెన్ హేస్టింగ్స్ మీద 1788 నుంచి పార్లమెంటులో అభిశంసన నడిపిన ఎడ్మండ్ బర్క్ వారికంటె ముందు కాలపు మనిషి. మనుషులంతా స్వేచ్ఛగా పుడతారని పారిస్‌లో 1789లో ప్రకటించినవారి ఏలుబడిలోనే కరీబియన్‌లోని సెయింట్ డొమింగ్ వలసలో సుమారు 5 లక్షల మంది బానిసలుగా ఉన్నారు. ఆ మాటను నిజంగా అందరికీ వర్తింపజేసింది 1791లో తిరగబడి 1804లో హైతీని నిలబెట్టిన ఆ బానిసలు. స్వతంత్రమైనందుకు ఫ్రాన్సు 1825లో వారి మీద 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం మోపింది. ఫ్రెంచి విప్లవం పాఠం పక్కన హైతీ విప్లవం పాఠం లేకపోవడానికి కాలం కారణం కాదు.

పాశ్చాత్య తత్వాన్ని తీసేసి ప్రాచీన వైభవాన్ని పెట్టమంటున్నావా అని అడిగేవారూ ఉంటారు. ముమ్మాటికీ కాదు. మన సమాజంలో బావిలో నీళ్లు తోడుకునే హక్కు కూడా లేనివారికి సమానత్వం, హక్కు అనే మాటలు పదునైన ఆయుధాలయ్యాయి. 1873లో జ్యోతిబా ఫూలే తన ‘గులాంగిరి’ని నీగ్రో బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో తత్వవేత్త జాన్ డ్యూయీ దగ్గర చదువుకున్నది ఇక్కడి కులాన్ని ఎదిరించడానికి ఉపయోగపడింది. దాదాభాయి నౌరోజీ బ్రిటిష్ లెక్కలతోనే దేశ సంపద ఎలా తరలిపోతోందో చూపించాడు. మిల్ కూడా ఏకరూప మనిషి కాడు: ఇంగ్లీషు చదువు విషయంలో మెకాలే దారిని విమర్శిస్తూ 1836లో ఒక ఉత్తర్వు చిత్తు రాశాడు, పైవారు దాన్ని పోనివ్వలేదు, 1865లో జమైకాలో తిరుగుబాటును రక్తపాతంతో అణచిన గవర్నరు ఐర్‌ను శిక్షించాలని పట్టుబట్టిన సంఘానికి నాయకత్వం వహించాడు. ఈ సంగతులు కూడా పాఠంలో ఉండాలనే నా కోరిక. ఈ ఆలోచనలను వలసపాలన బయటి నుంచి అంటుకున్న మరకలా కాక, అవి తయారైన పనిచోటుల్లో ఒకటిగా చూపించండి అన్నదే నేను అడుగుతున్నది. ఆ పనిచోటులో మనవాళ్లు చేసిన పని, పడ్డ బాధ, తిరిగి ఆ ఆలోచనలనే లాక్కుని వాడుకున్న తీరు, ఇవన్నీ ఆ తత్వ చరిత్రలోనివే, దాని పక్కన వేసే ఫుట్‌నోట్లు కావు.

ఇందుకోసం కొత్త పేపరు అక్కర్లేదు, ప్రత్యేక యూనిట్ కూడా వద్దు. ‘వలసానంతర వాదం’ అని చివర ఒక యూనిట్ పెడితే సమయం చాలక ఎలాగూ ఎవరూ చెప్పరు. లాక్, మాల్థస్, మిల్ పాఠాల్లో జీవిత విశేషాల కింద వారు ఏ కంపెనీలో, ఏ కార్యాలయంలో, ఎన్నేళ్లు, ఏ పని చేశారో రాయండి. సూత్రం ఇచ్చిన పేజీలోనే దాని మినహాయింపును కూడా వారి మాటల్లోనే ఇవ్వండి. భాషాశాస్త్రం, చరిత్ర రచన ప్రస్తావన వచ్చిన చోట పట్టాభిరామశాస్త్రి, మామిడి వెంకయ్య, కావలి సోదరుల పేర్లు చేర్చండి. అన్నింటికంటె ముఖ్యంగా, ప్రశ్నపత్రం మార్చండి. ‘మిల్ స్వేచ్ఛా సిద్ధాంతాన్ని వివరించుము’ అనే ప్రశ్న ఉన్నంతకాలం గైడు పుస్తకంలోని పాత జవాబే బతుకుతుంది. ‘మిల్ తన స్వేచ్ఛా సూత్రం నుంచి ఎవరిని మినహాయించాడు? ఏ కారణం చెప్పాడు? ఆ కారణాన్ని మీరు అంగీకరిస్తారా?’ అని ఒక్క ఏడాది అడిగి చూడండి. ఇరవై ఏళ్ల పిల్లలు ఈ ప్రశ్నకు గైడులో లేని జవాబులు రాస్తారు. నా తరగతిలో రాశారు.

ఆ విద్యార్థిని గీత గీసిన పేరాను, ప్రాతినిధ్య ప్రభుత్వ గ్రంథంలోని సంబంధిత భాగాలను, లాక్ రెండో వ్యాసంలో ఆస్తి గురించిన అధ్యాయాన్ని నేను తెలుగులోకి అనువదించి పెట్టుకున్నాను. ఏ సంపాదక వర్గం కోరినా పంపిస్తాను. దిద్ది, మార్చి, నా పేరు లేకుండా వాడుకోవచ్చు.

భవదీయుడు,
ఒక విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు